ఓబీ గుట్ట మీద ఎవరూ నాటనిది ఏం మొలిచింది?

బొగ్గు తీసిన నేల మీద చెట్ల పెంపకం గురించి కిందటి సంచికలో రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ భాగం కోల్‌బెల్ట్ నుంచే. మొక్కలు ఎట్లా నాటాలని అడిగినవాళ్ళు తక్కువ. నాటినవి నిలిచాయా, వాటి వెనక అడవి వస్తోందా అన్నది మనం ఎట్లా తెలుసుకోవాలని అడిగినవాళ్ళే ఎక్కువ. ఈ ప్రశ్న కోసం నేను చాన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నాను. బొగ్గు బాయి పని చేసిన కార్మికుడి కూతురిని, ఆ ఊళ్ళలోనే వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఈసారి శీర్షిక మొత్తం దీనికే.

ప్రశ్న: మేడమ్, మా క్వార్టర్ల వెనక ఓబీ గుట్ట నా చిన్నప్పుడు బోడిగా ఉండేది. ఇప్పుడు పైనుంచి కిందదాకా పచ్చగా ఉంది. అడవి తిరిగొచ్చినట్టేనా?
(యువకుడు, గోదావరిఖని)

గుట్ట పచ్చబడటం చిన్న విషయం కాదు తమ్ముడూ. ఓపెన్ కాస్ట్‌లో బొగ్గు పొర మీదున్నదంతా తవ్వి పక్కన పోస్తే అయ్యేదే ఓబీ, అంటే ఓవర్‌బర్డెన్ గుట్ట. మన గోదావరి లోయలో అందులో ఎక్కువ ఇసుకరాయి, మధ్యమధ్య షేల్ అనే పలకలుగా విరిగే మెత్తటి రాయి, కొంత బంకమట్టి. నత్రజని నామమాత్రం. వాన నీళ్ళు నిలవవు. మే నెలలో రాయి చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అక్కడ ఒక మొక్క నిలిచిందంటే దాని వెనక నీళ్ళు మోసినవాళ్ళ కష్టం ఉంది.

అయితే అడవి అనే ముందు ఒకసారి ఏప్రిల్‌లో చూడండి. మనది ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది, ఇప్ప, మోదుగ చలికాలం పోతూండగానే ఆకు రాల్చడం మొదలుపెడతాయి. హోలీ నాటికి మోదుగకు ఆకు కనపడదు, పూలే కనపడతాయి. కాబట్టి నడి ఎండాకాలంలో కూడా గుట్ట నిండా ఒకే రకం పచ్చదనం ఉంటే అది మన అడవి కాకపోవచ్చు. నీలగిరో, ఆస్ట్రేలియా తుమ్మో ఒకే వరసన పెరిగి ఉండొచ్చు. ఎండల్లో పచ్చగా ఉన్నదే మంచి తోట అనుకోవడం మనకు అలవాటు. గనుల నేల దగ్గర ఆ అలవాటు మానుకోవాలి.

ఆ తర్వాత చెట్ల కింద కూర్చుని ఎండుటాకు పక్కకు జరిపి వేలు గుచ్చి చూడాలి. ఆకు తీయగానే గరగరలాడే ఇసుకరాయి తగిలితే అక్కడ చెట్లున్నాయి గానీ నేల ఇంకా తయారు కాలేదు. అలా కాకుండా ఎండుటాకు కింద సగం కుళ్ళిన ఆకు, దాని కింద వేళ్ళకు అంటుకునే నల్లటి పొడి మట్టి, మధ్యలో తెల్లటి బూజు దారాలు, చెదల మట్టి గీతలు కనపడితే ఆ నేల బతకడం మొదలుపెట్టింది. పాత సుబాబుల్ తోటల కింద ఇంకోటి చూడండి. నేలంతా సుబాబుల్ పిల్లలే దట్టంగా లేచి ఉంటాయి. వాటి మధ్య ఎక్కడో రెండాకుల రేగు మొక్క, బెత్తెడు నేరేడు మొక్క కనపడతాయి. వాటిని ఎవరూ నాటలేదు. పిట్ట వాలింది, రెట్ట వేసింది, గింజకు తడి దొరికింది. నా దృష్టిలో మీ గుట్ట సంగతి తేల్చేది ఆ రెండాకులే.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఓబీ గుట్టల మీద మొక్కల పునరుద్ధరణ తీసుకున్నాను. డ్రోన్ లేదు, ఖర్చు పెట్టే స్తోమత లేదు. నేను చదివిన రిపోర్టుల్లో బతికిన మొక్కల శాతం ఒక్కటే ఇస్తున్నారు. నేనూ అదే లెక్క పెడితే సరిపోతుందా మేడమ్?
(విద్యార్థిని, భూపాలపల్లి)

సరిపోదు తల్లీ. కారణం చెప్తాను. మొదటి ఏడు వెయ్యి మొక్కలు నాటారనుకో. ఎండాకాలానికి నాలుగొందలు చచ్చాయి. మళ్ళీ వానాకాలం రాగానే ఆ గుంతల్లోనే కొత్త మొక్కలు పెడతారు, దీన్నే గ్యాప్ ఫిల్లింగ్ అంటారు. ఆ పని చేయాల్సిందే, తప్పేమీ లేదు. కానీ మూడో ఏడు వెళ్ళి లెక్కపెట్టిన మనిషికి తొమ్మిదొందల యాభై కనపడతాయి. వాటిలో మూడేళ్ళ మొక్క ఏది, మూడు నెలల మొక్క ఏది అన్నది ఆ శాతంలో ఉండదు. నువ్వు నాటిన ఏడాది వారీగా వివరాలు అడిగి తీసుకో. దొరక్కపోతే ప్రతి చెట్టు చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో టేపుతో కొలువు. ఒకే ఏడు నాటామన్న తోటలో కొలతలు మరీ రెండు గుంపులుగా విడిపోతే, మధ్యలో ఎప్పుడో తిరిగి నాటారా అని అడగాల్సిన చోటు అది. వెనకబడ్డ మొక్కలూ ఉంటాయి కాబట్టి అడగకుండా తేల్చెయ్యకు.

ఇక పని ఎట్లా చేయాలంటే, వేర్వేరు వయసుల గుట్టలు మూడు ఎంచుకో. ఐదేళ్ళది, పదేళ్ళది, ఇరవై ఏళ్ళది దొరికితే మంచిది. నాలుగోది తప్పనిసరిగా దగ్గర్లో తవ్వకుండా మిగిలిన అడవి కావాలి. దాన్ని వదిలేసి చేసిన ప్రాజెక్టులు నేను చాలా దిద్దాను. దేనితో పోల్చాలో లేని అంకెలు ఎన్ని ఉండి ఏం లాభం? ఒక జాగ్రత్త, ఇరవై ఏళ్ళ గుట్ట ఐదేళ్ళ గుట్టకు భవిష్యత్తు అనుకోవద్దు. అప్పుడు పోసిన మట్టి వేరు, నాటిన జాతులు వేరు, పై మట్టి పరిచారో లేదో అదీ వేరు. ఈ తేడాలన్నీ నోట్‌బుక్‌లో మొదటి పేజీలోనే రాసుకో.

ప్రతి చోటా చెట్లకు 10 మీటర్లకు 10 మీటర్ల గడులు, వాటి లోపల పొదలకు 5 మీటర్ల గడి, గడ్డీ చిన్న మొక్కలకు 1 మీటరు గడి వేసుకో. మూలల్లో ఇనుప కడ్డీలు పాతి రంగు వెయ్యి, నీ తర్వాత వచ్చే విద్యార్థి మళ్ళీ అదే గడిలో నిలబడగలగాలి. గడి ఎక్కడ వేయాలన్నది కంటికి నచ్చిన చోటును బట్టి పెట్టుకోకు. రోడ్డు వైపు వాలు మీద ట్యాంకర్ నీళ్ళు అందుతాయి, అక్కడ అన్నీ బాగుంటాయి. మ్యాపు మీద సమదూరంలో గీతలు గీసి, గీతలు కలిసిన చోటికి వెళ్ళు. అక్కడ బండరాళ్ళే ఉంటే బండరాళ్ళనే రాయి. పై బెంచి, అంటే మెట్టులా చదును చేసిన చోటు, వాలు, అడుగు మూడూ వచ్చేలా చూసుకో. వాలు మీద వానకు గింజ కొట్టుకుపోతుంది, అడుగున ఒండ్రు చేరి గడ్డి దట్టంగా లేస్తుంది. మూడింటి సగటు తీస్తే ఏ ఒక్కదాని సంగతీ తెలియదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నీ పట్టికలో జాతి పేరు పక్కన మూడు గళ్ళు పెట్టు. ఒకటి నాటినవి. రెండోది నాటిన చెట్ల గింజలు రాలి మొలిచినవి, అంటే సుబాబుల్ కింద సుబాబుల్ పిల్లల్లాంటివి. మూడోది బయటి నుంచి వాటంతట అవే వచ్చిన మన అడవి జాతులు. వయ్యారిభామ, పులికంప, సర్కారు తుమ్మ లాంటి కలుపు కూడా వాటంతట అవే వస్తాయి గనక వాటిని మూడో గడిలో కలపకుండా వేరే పేజీలో రాయి. మూడో గడి ఏడాదికేడాది పెరుగుతోందా? నీ ప్రాజెక్టు మొత్తానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

వచ్చే క్రమం కూడా చూడు. గాలికి ఎగిరే గింజలున్నవి ముందు దిగుతాయి. జిల్లేడు, నెమలినార, రెక్కల గింజల మద్ది అట్లాంటివి. పిట్ట వాలడానికి కొమ్మ ఏర్పడ్డాక రేగు, నేరేడు, వేప, మర్రి వస్తాయి. తునికి, అదే మన బీడీ ఆకు చెట్టు, మామూలు అడవిలో వేరు పిలకలతో సులువుగా వ్యాపిస్తుంది. ఓబీ గుట్టలో పాత వేరు ఎక్కడుంటుంది? అక్కడ తునికి మొలిచిందంటే దాని పండు తిన్న జంతువేదో గుట్ట ఎక్కిందన్నమాట. అది కనపడిన రోజు తారీఖు వేసి ఫోటో తీసుకో.

వెంపలి మొక్క ఒకటి మెల్లగా పెకిలించి వేరు కడుగు. ఆవగింజంత బుడిపెలు ఉంటాయి. ఒకదాన్ని గోటితో చీల్చి చూడు. లోపల గులాబీ రంగు ఉంటే అందులోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తోంది. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే పని జరగడం లేదు. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, ఖర్చు లేదు. మట్టి పరీక్ష మాత్రం భూసార పరీక్షా కేంద్రంలో చేయించు. పీహెచ్, సేంద్రియ కర్బనం రెండూ కావాలి. అయితే బొగ్గు నలుసులు కలిసిన ఓబీ మట్టిలో మామూలు పరీక్ష సేంద్రియ కర్బనాన్ని ఉన్నదానికన్నా ఎక్కువ చూపవచ్చు. నల్లటి షేల్ ఉన్న చోట అంకె ఎక్కువొస్తే సారం పెరిగిందని రాసెయ్యకు. ఆకు పొర మందం, చెదలు, చీమల రకాలు కూడా అదే చెప్తున్నాయా చూడు.

లెక్క వానలు వెనక్కి తగ్గాక అక్టోబరు, నవంబరులో ఒకసారి, మే నెలలో ఒకసారి. రెండో ఏడు కూడా అవే వారాల్లో. ఫోటో అదే కడ్డీ దగ్గర నిలబడి అదే దిక్కుకు తియ్యి.

గని అధికారుల అనుమతి లేకుండా, ఒంటరిగా గుట్ట ఎక్కవద్దు. బెంచి అంచున పగుళ్ళుంటాయి, వాన తర్వాత వాలు జారుతుంది. షేల్, బొగ్గు ముక్కలున్న చోట లోపల రాజుకుని పొగ వస్తుంటుంది. అలాంటి చోట గడి వదిలెయ్యి. చుట్టుపక్కల గొర్ల కాపరులను, బీడీ ఆకు తెంపే ఆడవాళ్ళను కలువు. ఏ మొక్క ఏ ఏడు కనపడిందో వాళ్ళకు గుర్తుంటుంది. వాళ్ళు చెప్పిన పేరే ముందు రాసుకుని, లాటిన్ పేరు తర్వాత వెతుక్కో.

ప్రశ్న: మా నాన్నగారు బొగ్గు బాయిలోనే పనిచేశారు. నేను ఐటీ ఉద్యోగిని. ఇక్కడ కూడా పాత బొగ్గు గనులున్నాయి, వాటి మీద గడ్డి, చెట్లు పెరిగాయి. శాటిలైట్ బొమ్మలతో ఇంటి నుంచే మన గుట్టల్ని గమనించొచ్చా?
(పిట్స్‌బర్గ్, అమెరికా)

తప్పకుండా గమనించవచ్చు బాబూ. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి భూమిని ఫోటో తీస్తున్నాయి. 1980ల నుంచి 30 మీటర్ల గడితో బొమ్మలున్నాయి, అంటే చాలా గనుల విషయంలో తవ్వకముందు అడవి ఎట్లా ఉండేదో కూడా చూడొచ్చు. 2015లో మొదలైన సెంటినెల్-2 ఉపగ్రహాల బొమ్మల్లో గడి 10 మీటర్లు. రెండూ ఉచితమే. ఆకు ఎర్ర వెలుగును పీల్చుకుంటుంది, పరారుణాన్ని తిప్పికొడుతుంది. ఆ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే ఎన్‌డీవీఐ అనే పచ్చదనం కొలిచే అంకె వస్తుంది. అది మైనస్ 1 నుంచి 1 దాకా ఉంటుంది. నీళ్ళు నిండిన గుంతకు సాధారణంగా సున్నా కన్నా తక్కువ, బోడి రాయికి సున్నా పైన కొంచెం, దట్టమైన ఆకుకు ఇంకా ఎక్కువ.

మన దేశంలో కోల్ ఇండియా ఓపెన్ కాస్ట్ గనులకు దాని సొంత ప్రణాళిక, డిజైన్ సంస్థ అయిన రాంచీలోని సీఎంపీడీఐ ఉపగ్రహ చిత్రాలతోనే ఈ పర్యవేక్షణ చేస్తోంది. బొగ్గూ ఓబీ కలిపి ఏడాదికి 50 లక్షల ఘనపు మీటర్లకు మించి తీసే గనులకు ఏటా, చిన్నవాటికి మూడేళ్ళకోసారి. మన గనులు నడిపే సింగరేణి మాత్రం కోల్ ఇండియా కింద లేదు. అందులో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది.

మీరు చూసేటప్పుడు ఏటా ఒకే నెల బొమ్మ తీసుకోండి. ఆగస్టులో మబ్బులు, పైగా కలుపు కూడా పచ్చగానే ఉంటుంది. డిసెంబరులో ఉత్తరం వైపు వాలు నీడలో పడుతుంది, ఆ మచ్చను మొక్కలు చచ్చాయనుకోవద్దు. నేనైతే ప్రతి ఏడూ నవంబరు బొమ్మ, ఏప్రిల్ బొమ్మ పక్కపక్కన పెట్టమంటాను. నవంబరులో పచ్చగా ఉండి ఏప్రిల్‌లో పక్కనున్న అసలు అడవిలాగే పలచబడే గుట్ట మంచి దారిలో ఉండొచ్చు. అయితే గడ్డి కూడా ఎండుతుంది కాబట్టి అది చెట్టా గడ్డా అన్నది ఎవరో ఒకరు ఎక్కి చూడాల్సిందే. ఉపగ్రహం ఎక్కడ చూడాలో చెప్తుంది, ఏం మొలిచిందో చెప్పదు. పైన భూపాలపల్లి అమ్మాయి ఉంది కదా, మీరు ఇంట్లో కూర్చుని మార్పు కనపడిన చోట్ల మ్యాపు గీసిస్తే ఆమె వెళ్ళి గడులు వేస్తుంది. ఇద్దరూ ఒప్పుకుంటే ఉత్తరాలు అందజేస్తాను.

మీ దేశపు చట్టంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. 1977లో వచ్చిన ఉపరితల గనుల చట్టం ప్రకారం గని యజమాని కట్టిన పూచీకత్తు పూర్తిగా వెనక్కి రావాలంటే మొక్కలు ఐదేళ్ళు నిలవాలి. ఏడాదికి 26 అంగుళాలు, అంతకన్నా తక్కువ వాన పడే చోట పదేళ్ళు. ఆ గడువు నాటిన రోజు నుంచి మొదలు కాదు. చివరిసారి అదనంగా విత్తనం, ఎరువు, నీళ్ళు ఇచ్చిన ఏడాది నుంచి లెక్క. అంటే మనిషి చెయ్యి తీశాక ఎన్నాళ్ళు నిలిచిందన్నదే పరీక్ష. మన దగ్గర బొగ్గు మంత్రిత్వ శాఖ 2009 మార్గదర్శకాల్లో ఓపెన్ కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన ఎస్క్రో ఖాతాలో, అంటే షరతులు తీరేదాకా కంపెనీ తీసుకోలేని ఖాతాలో, దాచే ఏర్పాటు పెట్టారు. ఆ డబ్బు విడిపించుకునే చోట కూడా ఈ చెయ్యి తీశాక లెక్కే గట్టిగా అడగాలని నా కోరిక.

అదే చట్టం కింద అక్కడ నేల జారకూడదని బుల్డోజర్లతో బాగా అణిచారు. గడ్డి వచ్చింది గానీ చెట్ల వేర్లు దిగలేక ఎదుగుదల ఆగిపోయింది. తర్వాత పై నాలుగడుగుల మట్టిని వదులుగా పోయాలని తూర్పు అమెరికాలోని అప్పలాచియా కొండ ప్రాంతంలో ప్రచారం చేశారు. వీలైతే మీ దగ్గరి గుట్టల్లో రెండు రకాలూ చూసి రాయండి, ఇక్కడివాళ్ళకు పనికొస్తుంది.

ప్రశ్న: గని కింద మా భూమి పోయింది. ఇప్పుడు తవ్వకం అయిపోయిన చోట గడ్డి లేచింది. మేకల్ని తోలితే వాచ్‌మన్ తరుముతున్నాడు. గడ్డి ఎవరి కోసం పెంచినట్టు?
(పేరు, ఊరు రాయవద్దన్నారు)

మీ బాధ న్యాయమైనదే అన్నా. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. గని పని ముగిశాక లీజుదారు తన ఖర్చుతో ఆ నేల మీద మళ్ళీ గడ్డి పెంచాలి, మేతకూ మొక్కలకూ జంతువులకూ పనికొచ్చే స్థితికి తేవాలి అన్న షరతు లీజుల్లో పెట్టమని కేంద్రాన్ని ఆదేశించింది. మేత అన్న మాట అందులో ఉంది. పర్యావరణ అనుమతి ఉన్న ప్రతి గనీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి, అది జనానికి అందుబాటులో ఉండాలి. గ్రామ సభలో దాన్ని చదివించమని అడగండి. ఎన్ని హెక్టార్లలో గడ్డి, ఏ గడ్డి, ఏ ఏడు వేశారు అన్నవి అడగాల్సిన ప్రశ్నలు.

అయితే కొత్త వాలు మీద మొదటి మూడు నాలుగేళ్ళు మేకలు పడితే లేత మొక్క మిగలదు, వాలు జారితే మీ ఊరి చెరువే పూడుతుంది. ఆ కాలంలో స్టైలో లాంటి మేత కోసుకుపోయే హక్కు అడగడం మంచి మార్గం. గడ్డి లెక్కపెట్టే రోజు పశువులు కాసేవాళ్ళను కూడా పక్కన నిలబెట్టాలని నేను ఎక్కడికెళ్ళినా చెప్తున్నాను. వయ్యారిభామ కూడా పచ్చగానే ఉంటుంది, దాన్ని పశువు ముట్టదు. అది నిండిన హెక్టారును గడ్డి పెరిగిన హెక్టారుగా రాస్తే మీరు లేచి అభ్యంతరం చెప్పాలి.

ప్రశ్న: గుట్ట నిండా సర్కారు తుమ్మే ఉంది. నరికించెయ్యాలా?
(ఇల్లందు)

ఒక్కసారిగా వద్దు. జూన్‌కు ముందు వాలు మొత్తం బోడి చేస్తే మొదటి వానకే మట్టి దిగిపోతుంది. పైనుంచి కోసినా పిలకలు వేస్తుంది, మొదలు నేల లోపలి నుంచి తవ్వి తీయాలి. చిన్న చిన్న మడులుగా తీసి, వెంటనే కానుగ, మోదుగ, రేల పెట్టండి. మడి మడికీ తారీఖు రాసి, తీసిన చోట తుమ్మ ఎంత తిరిగొచ్చిందో మరుసటి ఏడు చూశాకే తర్వాతి మడి.

ప్రశ్న: హైస్కూలు పిల్లల్ని ఈ పనిలో పెట్టొచ్చా?
(ఉపాధ్యాయుడు, మణుగూరు)

గుట్టల మీదికి తీసుకెళ్ళవద్దు సార్, ప్రమాదం. పిల్లలు చేయగలిగిన మంచి పని గింజలు సేకరించడం. అదీ దగ్గర్లో మిగిలిన అడవి నుంచి, పెద్దల తోడుతో. ఈ నేలకు అలవాటైన చెట్టు గింజే గుట్ట మీద తట్టుకునే అవకాశం ఎక్కువ. తునికి పండ్లు ఎండాకాలంలో, మోదుగ కాయలు మే నెలలో దొరుకుతాయి. రేల కాయలు ఎండాక ఎప్పుడైనా సరే, గింజ పెంకు గట్టిది గనక గరుకు రాయి మీద రుద్ది నాటాలి. ఇప్ప, వేప గింజలు దాచుకునేవి కావు. ఇప్ప జూన్‌లో రాలుతుంది, వారం పది రోజుల్లో నర్సరీ సంచిలో పడకపోతే మొలక శాతం పడిపోతుంది. ఏ సంచిలో ఏ ఊరి చెట్టు గింజ పెట్టారో పిల్లల చేత రిజిస్టర్ రాయించండి. మొక్క గుట్ట ఎక్కే రోజున ఆ నంబరు రేకు ముక్క మీద కొట్టి దానికే కట్టించండి. ఐదేళ్ళ తర్వాత లెక్కకు వెళ్ళినవాళ్ళకు నాటినది ఏదో, వచ్చినది ఏదో వెంటనే తెలుస్తుంది.